పాత బ్రిటిష్ రాగి, కంచు నాణేల రకాలను గుర్తించి సేకరించడం: సమగ్ర మార్గదర్శి

విక్టోరియా రాణి కాలపు పెన్నీలలో ఒక్క 1860 సంవత్సరానివే కొన్ని తెచ్చి బల్ల మీద పరిస్తే, అవన్నీ ఒకే అచ్చు నుంచి రాలేదని కాసేపటికే తెలుస్తుంది. ఒకదాని అంచు లోపల సన్నని పూసల వరుస ఉంటుంది, మరొకదానికి పళ్ల వరుస ఉంటుంది. చెక్కిన కళాకారుడి పేరు ఒకదానిపై రాణి వస్త్రాన్ని తాకుతూ, ఇంకొకదానిపై దాని కిందుగా కనిపిస్తుంది, వేరొకదానిపై అసలే ఉండదు. ఆమె తలలో తురిమిన లారెల్ ఆకులు కొన్నిటిలో పదిహేను, కొన్నిటిలో పదహారు. విలువ, సంవత్సరం, పాలకురాలు ఒకటే అయినా అచ్చు వేరైనప్పుడు దానిని సేకర్తలు ఒక రకంగా పరిగణిస్తారు. ఆ రకాలను నమ్మకంగా గుర్తించడానికి ఏ వరుసలో ఏమేమి చూడాలో, గుర్తించిన వాటిని ఎలా దాచుకోవాలో ఇక్కడ వివరిస్తున్నాను.

అచ్చు ఎలా తయారయ్యేదో ముందుగా తెలుసుకోవాలి

ఈ భాగాన్ని దాటవేసి నేరుగా నాణేల దగ్గరకు వెళ్లేవారు ప్రతి గీతనూ కొత్త రకంగా భావించి మోసపోతారు కనుక, దీని మీద కొంత సమయం పెట్టడం అవసరం. కళాకారుడు చెక్కిన మూల రూపం నుంచి ఉక్కు పంచ్‌లు (ముద్ర కొట్టే ఉక్కు పనిముట్లు), ఆ పంచ్‌ల నుంచి నాణేలను కొట్టే పని అచ్చులు తయారయ్యేవి. పందొమ్మిదో శతాబ్దంలో చాలాకాలం వరకు పని అచ్చు మీద తేదీలోని అంకెలను, ముఖ్యంగా చివరి అంకెను, పనివాడు చిన్న పంచ్‌తో చేత్తో కొట్టేవాడు. అందువల్ల అంకెల మధ్య దూరం మారుతుంది, ఒక అంకె కాస్త పైకో కిందికో జరుగుతుంది, కొన్నిసార్లు వేరే నాణెం కోసం చేసిన చిన్న అంకెలు పెన్నీ మీదికి చేరతాయి. ఉక్కును వృథా చేయడం ఇష్టం లేక పాత సంవత్సరపు అచ్చు మీదే కొత్త అంకెను కొట్టినప్పుడు రెండు అంకెలు ఒకదానిపై ఒకటి కనిపిస్తాయి. అక్షరాల పంచ్ విరిగినా, అచ్చు దెబ్బతిన్నా వచ్చే తేడాలు కూడా ఉంటాయి. 1860 పెన్నీలో 'వన్' అనే మాటలోని చివరి ఇంగ్లిష్ 'ఇ' అక్షరం కింది గీత పోయి 'ఎఫ్'లా కనిపించే నాణెం ఇందుకు ప్రసిద్ధమైన ఉదాహరణ.

దీని నుంచి మొదటి నియమం వస్తుంది. అచ్చులో ఉన్న లక్షణం ఆ అచ్చు నుంచి వచ్చిన నాణేలన్నిటి మీదా కనిపించాలి, నాణెం బయటికి వచ్చాక తగిలిన దెబ్బ ఆ ఒక్క నాణెం మీదే ఉంటుంది. అచ్చులో పగులు ఏర్పడితే లోహం ఆ పగులులోకి చొచ్చుకుపోతుంది కాబట్టి నాణెం మీద ఉబ్బెత్తు గీతగా కనిపిస్తుంది, గీరుడు మాత్రం లోతైన గీతగా ఉంటుంది.

పరికరాలు, చూసే పద్ధతి

పది రెట్లు పెద్దదిగా చూపే మంచి భూతద్దం, గ్రాములో వందో వంతు వరకు చూపే చిన్న ఎలక్ట్రానిక్ త్రాసు, మిల్లీమీటరులో పదో వంతు కొలిచే కాలిపర్, పక్కకు వంచగలిగే బల్ల దీపం ఉంటే చాలు. వెలుతురు నాణెం నెత్తిన పడకుండా ఒక పక్క నుంచి ఏటవాలుగా పడాలి, అప్పుడే పాత అంకె తాలూకు సన్నని ఉబ్బు నీడ పడి బయటపడుతుంది. నాణెం కింద మెత్తని గుడ్డ పరచి, దానిని అంచుల దగ్గర మాత్రమే పట్టుకోవాలి. వేలి చెమట రాగి మీద వేసిన ముద్ర కొన్ని నెలల్లో శాశ్వతంగా మిగిలిపోతుంది.

ముందు తూకం, తరువాతే తేదీ

కొత్తవారు నాణెం చేతికి రాగానే తేదీ చూస్తారు. తూకం, వ్యాసం ముందుగా చూడడం మంచిదని నా అభిప్రాయం, ఎందుకంటే నాణెం ఏ కాలానిదో, అసలుదో కాదో అనే ప్రశ్నలలో సగం అక్కడే తేలిపోతాయి. పాత లెక్కలో పౌనుకు 240 పెన్నీలు, పెన్నీకి రెండు హాఫ్‌పెన్నీలు లేదా నాలుగు ఫార్దింగులు. 1797లో బర్మింగ్‌హామ్ దగ్గరి సోహో టంకశాలలో మాథ్యూ బోల్టన్ ఆవిరి యంత్రాలతో కొట్టిన పెన్నీ ఒక ఔన్సు, అంటే సుమారు 28.3 గ్రాములు, రెండు పెన్నీల నాణెం దానికి రెట్టింపు తూగేవి. 1825 నుంచి 1860 వరకు వచ్చిన రాగి పెన్నీ సుమారు 18.8 గ్రాములు, 34 మిల్లీమీటర్లు. 1860లో వచ్చిన కంచు పెన్నీ 9.45 గ్రాములకు, దాదాపు 31 మిల్లీమీటర్లకు తగ్గింది. కంచు హాఫ్‌పెన్నీ 5.67 గ్రాములు, దాని వ్యాసం సరిగ్గా ఒక అంగుళం. ఫార్దింగు 2.83 గ్రాములు, 20 మిల్లీమీటర్లు. అరుగుదల వల్ల కొంత తగ్గుదల సహజమే, అయితే అరుగుదల లేని నాణెం చాలా తక్కువ తూగితే అనుమానించవలసిందే.

ఈ పరీక్ష అన్నిటికంటే ఎక్కువగా ఉపయోగపడేది 1770-1775 మధ్య వచ్చిన మూడో జార్జి హాఫ్‌పెన్నీల విషయంలో. పౌను తూకం లోహానికి 46 చొప్పున కొట్టిన ఆ నాణేలు సుమారు 9.9 గ్రాములు తూగాలి. ఆనాడు వాడుకలో ఉన్న దొంగనాణేలు అసలు వాటికంటే తేలికగా, పలచగా ఉండేవి. కొందరు దొంగలు చట్టానికి చిక్కకుండా రాజు పేరు స్థానంలో దానిని పోలిన వేరే మాటలు చెక్కారు, వాటిని విడిగా సేకరించేవారు కూడా ఉన్నారు. దొంగనాణెమే కదా అని పారేయకుండా విడి సంచిలో ఉంచండి, ఆ కాలపు చిల్లర కరవును అవి అధికారిక నాణేలకంటే బాగా చెబుతాయి.

రాగి కాలం: 1672 నుంచి 1860 వరకు

బ్రిటన్‌కు ప్రతీకగా చూపే స్త్రీమూర్తి బ్రిటానియా బొమ్మ ఆధునిక ఇంగ్లిష్ నాణేల మీద మొదటిసారి కనిపించింది రెండో చార్లెస్ 1672లో విడుదల చేసిన రాగి హాఫ్‌పెన్నీ, ఫార్దింగుల మీద. అప్పటి నుంచి పద్దెనిమిదో శతాబ్దం చివరి వరకు వచ్చినవి బాగా అరిగి ఉంటాయి, వాటిలో సూక్ష్మమైన రకాలను వెతకడం కొత్తవారికి కష్టం.

సోహో నాణేల దగ్గర పరిస్థితి మారుతుంది. 1797 పెన్నీకి వెడల్పైన ఎత్తు అంచు, ఆ అంచులో లోతుగా కొట్టిన అక్షరాలు ఉంటాయి, అందుకే దానికి బండిచక్రం పెన్నీ అనే పేరు వచ్చింది. బొరుసు వైపు డాలు కింద 'సోహో' అనే అతి చిన్న అక్షరాలు, బొమ్మ వైపు వస్త్రపు మడత మీద చెక్కిన కుష్లర్ పేరులోని 'కె' అక్షరం చూడాలి. పెన్నీలో రాజు తల మీది ఆకులు పది, పదకొండు అనే రెండు ముఖ్య రకాలు ఉన్నాయి. 1799 హాఫ్‌పెన్నీ ఇంకా ఆసక్తికరం. బ్రిటానియా వెనుక ఉన్న ఓడ పక్కభాగంలో ఫిరంగి రంధ్రాలు ఐదు, ఆరు, తొమ్మిది ఉన్న రకాలు, అసలే లేని రకం కూడా దొరుకుతాయి. భూతద్దంతో లెక్కపెట్టడం నేర్చుకోవడానికి అంతకంటే చవకైన పాఠం లేదు. ఒక జాగ్రత్త మాత్రం అవసరం. సోహో టంకశాల మూతపడిన తరువాత దాని పాత అచ్చులను కొన్న టేలర్ అనే అచ్చుల తయారీదారు వాటితో మళ్లీ నాణేలు కొట్టాడు. పగుళ్లు, తుప్పు మచ్చలు ఉన్న అచ్చుతో, మెరిసే ఉపరితలంతో వచ్చిన సోహో నాణెం కనిపిస్తే ఆ మాట గుర్తుంచుకోవాలి.

విక్టోరియా రాగి పెన్నీల మీద విలియం వ్యోన్ చెక్కిన యువ ముఖం ఉంటుంది. ఇక్కడ మూడు చోట్లు వరుసగా చూడాలి. బ్రిటానియా చేతిలోని త్రిశూలం ముళ్ల దగ్గర అలంకారం ఉందా, సాదాగా ఉందా అనేది మొదటిది. 1853లోనూ ఆ తరువాత కొన్ని సంవత్సరాలలోనూ రెండు రకాలూ ఉన్నాయి. బొరుసు వైపు చుట్టూ ఉన్న లాటిన్ రాతలో 'డెఫ్' అనే పొడి మాట తరువాత వచ్చే రెండు చుక్కలు వాటికి దగ్గరగా ఉన్నాయా, దూరంగా ఉన్నాయా అనేది రెండోది. మెడ కోసిన చోట 'డబ్ల్యూ డబ్ల్యూ' అనే పొడి అక్షరాలు ఉన్నాయా అనేది మూడోది, 1858లో అవి ఉన్నవీ లేనివీ కూడా వచ్చాయి. 1841లో అదే రాతలోని 'రెగ్' తరువాత రెండు చుక్కలు లేని పెన్నీలే సాధారణం, చుక్కలు ఉన్నవి అరుదు. ఇక 1860 తేదీతో ఉన్న పెద్ద రాగి పెన్నీ చాలా అరుదైనది. 59 అంకెల మీద 60 కొట్టిన అచ్చులతోనే అది వచ్చింది కనుక, ఆ కింది అంకెల జాడ లేకుండా ఎవరైనా అలాంటి నాణెం చూపిస్తే కొనకూడదు.

విక్టోరియా కంచు పెన్నీలు: ఈ రంగానికి గుండెకాయ

1860లో రాగి స్థానంలో 95 శాతం రాగి, 4 శాతం తగరం, 1 శాతం తుత్తునాగం కలిసిన కంచు వచ్చింది. లియోనార్డ్ చార్లెస్ వ్యోన్ చెక్కిన ఆ ముఖంలో రాణి జుట్టు వెనుక కొప్పుగా ముడిచి ఉంటుంది కనుక 1894 వరకు వచ్చిన ఈ పెన్నీలను సేకర్తలు బన్ హెడ్ పెన్నీలు అంటారు. బ్రిటిష్ నాణేల రకాల సేకరణ అంతా ప్రధానంగా వీటి చుట్టూనే తిరుగుతుంది. నన్నడిగితే కొత్తవారు తక్కిన అన్నిటినీ పక్కన పెట్టి ఇక్కడే మొదలుపెట్టాలి, ఎందుకంటే సాధారణ నాణేలు ఇప్పటికీ చవకగా దొరుకుతాయి, రకాల వర్గీకరణ కూడా స్థిరపడి ఉంది.

ఆ వర్గీకరణలో ఎక్కువగా వాడేది ఫ్రీమన్ అనే రచయిత పద్ధతి. అందులో బొమ్మ వైపు అచ్చు నమూనాకు అంకెను, బొరుసు వైపు నమూనాకు ఇంగ్లిష్ పెద్ద అక్షరాన్ని ఇస్తారు. కాబట్టి '6 + జి' అంటే ఆరో బొమ్మ, 'జి' బొరుసు జతపడిన నాణెం అన్నమాట. ఒక్కొక్క జతకు విడిగా వరుస సంఖ్య, అరుదుదనపు కొలమానం ఉంటాయి. పాత రాగి నాణేలకు పెక్ అనే పండితుడి జాబితాలోని సంఖ్యలను కూడా అమ్మకందార్లు ఉదహరిస్తారు. మీరు మీ నాణేన్ని ముందు మీ కళ్లతో వర్ణించుకొని, ఆ తరువాతే సంఖ్య కోసం వెతకండి. సంఖ్యతో మొదలుపెట్టిన కన్ను తాను చూడదలచినదే చూస్తుంది.

చూసే క్రమం ఇలా ఉంటే మేలు. మొదట అంచు లోపలి వరుస పూసలా, పళ్లా అన్నది నిర్ణయించాలి. ఒక వైపు పూసలు, మరో వైపు పళ్లు ఉంటే అది రెండు నమూనాలు కలగలిసిన మిశ్రమ నాణెం, దానిని చాలా జాగ్రత్తగా పరిశీలించాలి. తరువాత బొమ్మ వైపు చెక్కినవాడి పేరు, ఆకుల సంఖ్య, ముఖం వయసు చూడాలి. 1874 నుంచి రాణి ముఖం కాస్త నిండుగా, పెద్దవయసుగా మారింది. ఆ ఒక్క సంవత్సరంలోనే పాత ముఖం, కొత్త ముఖం రెండూ వేర్వేరు బొరుసులతో జతపడ్డాయి కనుక 1874 పెన్నీలు రకాల గని. ఆ తరువాత బొరుసు వైపు ఎడమన దీపస్తంభం, కుడిన ఓడ, డాలు, త్రిశూలం స్థానాలు చూసి, చివరగా తేదీకి రావాలి.

తేదీలో వెతకవలసినవి సంవత్సరాన్ని బట్టి మారతాయి. 1862లో హాఫ్‌పెన్నీ కోసం చేసిన చిన్న అంకెలతో వచ్చిన పెన్నీలు అరుదు. 1863లో కొన్నిటి తేదీ కింద అచ్చు సంఖ్యగా ఒక చిన్న అంకె కనిపిస్తుంది, అది నిజంగా దొరికితే పెద్ద విషయం. 1862 హాఫ్‌పెన్నీలలో దీపస్తంభం పక్కన 'ఎ', 'బి', 'సి' అక్షరాలున్న రకాలు కూడా ఇలాంటివే. 1864లో నాలుగు అంకె అడ్డగీత కొసన చిన్న నిలువు గీత ఉన్న రకం, సాదా రకం అని రెండు ఉన్నాయి. 1865లో 5 కింద 3 దాగి ఉన్న పెన్నీలు, ఫార్దింగులలో 5 కింద 2 ఉన్నవి కనిపిస్తాయి. 1869 సంవత్సరపు ఏ పెన్నీ అయినా మంచి స్థితిలో దొరకడం కష్టం. 1877 చిన్న తేదీ రకం అత్యంత అరుదు.

లండన్ టంకశాలకు పని ఎక్కువైనప్పుడు బర్మింగ్‌హామ్‌లోని హీటన్ టంకశాలకు పని అప్పగించేవారు. 1874, 1875, 1876, 1881, 1882 సంవత్సరాలలో వారు కొట్టిన పెన్నీలకు తేదీ కింద 'హెచ్' అక్షరం ఉంటుంది. వీటిలో 1875 'హెచ్' కొరతగా దొరుకుతుంది. 1882లో మాత్రం పరిస్థితి తలకిందులు, 'హెచ్' ఉన్నదే సాధారణం, లేనిది బహు అరుదు. అందుకే ఆ అక్షరాన్ని గీకి తొలగించిన నాణేలు అమ్మకానికి వస్తాయి. అరుగుదల వల్లో, అచ్చులోని అక్షరంలో జిడ్డు నిండడం వల్లో కూడా 'హెచ్' కనిపించకుండా పోవచ్చు. తేదీ కింది భాగం చుట్టుపక్కల కంటే లోతుగానో, గరుకుగానో, రంగు మారినట్టుగానో ఉంటే ఆ నాణేన్ని వదిలేయండి.

1895 తరువాత

1895లో థామస్ బ్రాక్ చెక్కిన ముసుగు ముఖం వచ్చింది, బొరుసు మీద దీపస్తంభం, ఓడ మాయమయ్యాయి. ఆ సంవత్సరపు పెన్నీలో త్రిశూలానికీ, 'పెన్నీ' అనే మాటలోని మొదటి అక్షరానికీ మధ్య ఖాళీ రెండు మిల్లీమీటర్లు ఉన్న రకం అరుదు, ఒక మిల్లీమీటరు ఉన్నది సాధారణం. 1895 ఫార్దింగులలో కొప్పు ముఖం, ముసుగు ముఖం రెండూ వచ్చాయి, కొప్పు ముఖమున్నవే తక్కువ. 1902 పెన్నీ, హాఫ్‌పెన్నీలలో వెనుకనున్న సముద్రపు గీత బ్రిటానియా కాళ్లు ఒకదాన్నొకటి దాటే చోటికి దిగి ఉంటే దానిని ఆటుపోటు రకాలలో ఆటు రకంగా లెక్కిస్తారు.

ఐదో జార్జి పెన్నీలలో రకాలు పుట్టడానికి ఒక సాంకేతిక సమస్య కారణమైంది. రాజు తల పెద్దదిగా, ఎత్తుగా ఉండడం వల్ల కొట్టే సమయంలో లోహం అటువైపు లాగుకొని, బొరుసు మీద ఆ తల ఆకారం నీడలా కనిపించేది. దానిని తగ్గించడానికి టంకశాల చేసిన ప్రయత్నాలే 1915, 1916లలో చెవి లోతుగా ఉన్న రకం, 1926లో సవరించిన ముఖం, చివరకు 1928లో వచ్చిన చిన్న తల. 1926 పెన్నీని పరిశీలించేటప్పుడు మెడ కోసిన చోట ఉన్న, చెక్కినవాడి పొడి అక్షరాలైన 'బి ఎం' చూడండి, చుక్కలతో మధ్యలో ఉంటే పాత ముఖం, చుక్కలు లేకుండా వెనక్కి జరిగి ఉంటే సవరించిన ముఖం. రెండోదే విలువైనది. 1912లో 'హెచ్', 1918, 1919లలో 'హెచ్' లేదా కింగ్స్ నార్టన్ టంకశాల గుర్తు 'కేఎన్' తేదీకి ఎడమ పక్కన ఉంటాయి.

1933 పెన్నీ గురించి అందరూ అడుగుతారు. వాడుకకు కాక, కొత్త భవనాల పునాదుల్లో ఉంచడం వంటి అవసరాల కోసం బహు కొద్దిగా కొట్టారు. చిల్లరలో దొరకాలని ఆశించకండి. దానికంటే 1950, 1951 పెన్నీలు సామాన్య సేకర్తకు అందుబాటులో ఉన్న మంచి లక్ష్యం. 1951లో కొట్టినవి 1,20,000 మాత్రమే.

చింతపండు దగ్గరకు తీసుకువెళ్లవద్దు

మన ఇళ్లలో రాగి చెంబును చింతపండుతో తోమడం అలవాటు. ఆ పని నాణేనికి చేస్తే దాని విలువలో ఎక్కువ భాగం అక్కడికక్కడే పోతుంది, మళ్లీ రాదు. పులుపు పైపొరను తినేసి, దానితోపాటు సన్నని వివరాలను కూడా తీసుకుపోతుంది, గులాబీ రంగు తేలిన ఆ మెరుపును అనుభవం ఉన్నవారెవరైనా దూరం నుంచే పోల్చుకుంటారు. జిడ్డు ఉంటే స్వచ్ఛమైన అసిటోన్‌లో కాసేపు ఉంచి, రుద్దకుండా గాలికి ఆరనివ్వాలి. ఆ పని గాలి ఆడే చోట, నిప్పుకు దూరంగా చేయాలి. నల్లగా ఉన్నంత మాత్రాన మురికి అనుకోకూడదు. 1897 నుంచి 1917 వరకు ఫార్దింగులను బంగారు హాఫ్ సావరిన్‌గా చలామణి చేయకుండా టంకశాలే నల్లబరచింది, 1944-1946 పెన్నీలకు కూడా అలాంటి ముదురు రంగు పూత ఇచ్చింది.

విశాఖ, మచిలీపట్నం వంటి సముద్రతీర ప్రాంతాలలో ఉండేవారు చిలుముతో పోరాడక తప్పదు. పీవీసీ ప్లాస్టిక్ కవర్లు కాలక్రమంలో ఆకుపచ్చని జిగురు పదార్థాన్ని వదులుతాయి, వాటిని పూర్తిగా మానేసి పాలిఎస్టర్ కవర్లు గానీ ఆమ్లం లేని కాగితపు సంచులు గానీ వాడండి. పెట్టెలో సిలికా జెల్ పొట్లం ఉంచి, వానాకాలానికి ముందు మార్చండి. పొడిపొడిగా రాలే లేత ఆకుపచ్చ మచ్చ కనిపించిన నాణేన్ని మిగతా వాటి నుంచి వెంటనే వేరు చేయాలి.

కొనడం, నమోదు చేయడం

ఒకే పాలకుడి లేదా పాలకురాలి కాలపు ఒకే విలువ నాణేన్ని ఎంచుకొని కనీసం ఒక సంవత్సరం పాటు దానికే పరిమితమవడం మంచిది. రకం గుర్తించకుండా గుత్తగా అమ్మే పెన్నీల కుప్పలు మొదటి పాఠశాల, వాటిలో చాలావరకు సాధారణమైనవే ఉన్నా, సాధారణ రూపం కంటికి బాగా అలవాటైతేనే అసాధారణమైనది కనిపిస్తుంది. స్థితి, రకం రెండింటిలో ఏది ముఖ్యమని అడిగితే, చాలా అరుదైన రకాలకు అరుగుదలను సహించవచ్చు గానీ సాధారణ రకాలను మంచి స్థితిలోనే కొనాలని చెబుతాను. ప్రతి నాణెం వెంట తూకం, వ్యాసం, చూసిన లక్షణాలు, అనుకున్న రకం సంఖ్య, కొన్న తేదీ, ఇచ్చిన ధర రాసిన చీటీ ఉండాలి, రెండు వైపులా ఏటవాలు వెలుతురులో తీసిన ఫొటోలు విడిగా దాచాలి. రకం మీద అనుమానం ఉంటే చీటీ మీద ప్రశ్నార్థకం వేయండి.

ఈ విద్య బ్రిటన్ నాణేలతోనే ఆగదు. బోల్టన్ సోహో టంకశాల 1794, 1797 తేదీలతో ఈస్టిండియా కంపెనీ కోసం రాగి నాణేలు కొట్టింది, అవి చలామణి కావలసిన ప్రాంతం ఉత్తర సర్కారులు, అంటే నేటి కోస్తాంధ్రలో చాలా భాగం, దక్షిణ ఒడిశాలో కొంత. రూపాయికి 48, 96 చొప్పున లెక్కకట్టే ఆ నాణేల మీద ఒక వైపు కంపెనీ చిహ్నం, మరో వైపు దాని డాలుతో కూడిన అధికార ముద్ర (కోట్ ఆఫ్ ఆర్మ్స్) ఉంటాయి. 1797 పెన్నీని చూసిన కళ్లతో వాటిని చూస్తే ఒకే టంకశాల పనితనం పోల్చుకోవచ్చు. ఇలాంటివి మన దగ్గర దొరికితే ఒక విషయం తెలిసి ఉండాలి: 1972 నాటి పురావస్తువులు, కళానిధుల చట్టం ప్రకారం వందేళ్లు దాటిన నాణేలు పురావస్తువుల కిందికి వస్తాయి, అనుమతి లేకుండా దేశం దాటించకూడదు. విదేశాలలోని బంధువులకు కానుకగా పంపాలనుకునేవారు కూడా ముందు భారత పురావస్తు సర్వే కార్యాలయంలో విచారించాలి.